సాగనంపుతున్నది ఎవరిని? ఎక్కడికి?

అశోక్‌నగర్‌లో గదులు అద్దెకు తీసుకొని, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పగలూ రాత్రీ చదువుకునే యువతీయువకులకు ఒక విషయం బాగా తెలుసు. పరీక్ష గట్టెక్కి ఎంపిక జాబితాలో పేరు వచ్చినంత మాత్రాన ప్రభుత్వోద్యోగం చేతికి అందదు. అటెస్టేషన్ ఫారం నింపాలి. ఏయే ఊళ్ళలో నివసించినదీ, ఎక్కడెక్కడ చదివినదీ, ఎన్నడైనా అరెస్టు అయినదీ లేనిదీ రాసి సంతకం చేయాలి. ఆ మీదట పోలీసు విచారణ జరుగుతుంది. ఒక గుమాస్తా కార్యాలయంలో ఫైళ్ళు కదపడానికి ఇంత విచారణ ఉన్నది. అదే వీధిలో ఉదయం ఎనిమిది గంటలకు ఎల్‌కేజీ పిల్లను ఎత్తుకొని వ్యానులో కూర్చోబెట్టే మనిషి ఎవరు, నిరుడు ఎక్కడ పనిచేశాడు, అక్కడ ఎందుకు మానేశాడు అని అడిగితే, చాలా పాఠశాలల్లో ఒక ఆధార్ కార్డు జిరాక్సు, ఒక సెల్‌ఫోన్ నంబరు చూపిస్తారు. కొన్నిచోట్ల అవీ ఉండవు. కాంట్రాక్టరు నంబరు ఇచ్చి, అతనిని అడగమంటారు.

ఈ స్థితికి చట్టం లేకపోవడం కారణమని ఎవరైనా అంటే నమ్మవద్దు. చట్టం ఉన్నది. లైంగిక నేరాల నుండి బాలలకు రక్షణ కల్పించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. దాని కింద 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు ప్రకటించింది. పిల్లలు నివసించే సంస్థ గాని, పిల్లలతో నిత్యం సంబంధం ఉండే సంస్థ గాని (పాఠశాల, శిశు సంరక్షణ కేంద్రం, క్రీడా శిక్షణ కేంద్రం, ఏదైనా సరే) పిల్లలకు దగ్గరగా మసలే ప్రతి ఉద్యోగికీ పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల పరిశీలన జరిపించాలని ఆ నియమాలలో మూడవది చెబుతున్నది. బోధన చేసేవారైనా చేయనివారైనా, శాశ్వత ఉద్యోగులైనా కాంట్రాక్టు వారైనా మినహాయింపు లేదు. పైగా అది ఒక్కసారి చేసి చేతులు దులుపుకొనేది కాదు; నియమిత కాలానికొకసారి మళ్ళీ మళ్ళీ చేయవలసినది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ప్రభుత్వ పాఠశాలల విషయం వచ్చినప్పుడు, మా ఉపాధ్యాయులకు నియామకం నాడే విచారణ జరిగింది గదా అని అధికారులు బదులిస్తారు. ఇరవై ఏళ్ళ క్రితం జరిగిన విచారణ ఇరవై ఏళ్ళ క్రితం తీయించుకున్న ఎక్స్‌రే వంటిది. నేటి ఊపిరితిత్తుల సంగతి అది చెప్పదు. ఇక ఉపాధ్యాయులను వదిలేస్తే, మధ్యాహ్న భోజనం వండేవారు, పారిశుద్ధ్య పనివారు, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ పంపిన కంప్యూటర్ ఆపరేటరు, రాత్రి కాపలా మనిషి, వీరికి ఆ తొలినాటి విచారణ అయినా జరిగిందా?

మన నగరంలోనే జరిగిన ఘోరాన్ని గుర్తు చేస్తాను. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని డీఏవీ పబ్లిక్ స్కూలులో నాలుగేళ్ళ పసిపాపపై అఘాయిత్యం బయటపడింది. నిందితుడు ఉపాధ్యాయుడు కాడు, ఆయా కాడు, వ్యాను డ్రైవరు కూడా కాడు. ప్రిన్సిపాల్ గారి కారు నడిపేవాడు. పిల్లలకు సంబంధించిన ఏ పనీ అతనికి లేదు. అయినా పిల్లలున్న చోటికి అతడు వెళ్ళగలిగాడు. వెళ్తుంటే ఎవరూ అడ్డుకోలేదు. 2023 ఏప్రిల్‌లో నాంపల్లిలోని ఫాస్ట్‌ట్రాక్ కోర్టు అతనికి 20 ఏళ్ళ జైలుశిక్ష విధించింది. ప్రిన్సిపాల్‌ను నిర్దోషిగా విడుదల చేసింది. ఆరు నెలలలో తీర్పు రావడం మన దేశంలో అరుదు. అందుకు పోలీసులను, న్యాయస్థానాన్ని మెచ్చుకోవాలి.

నా ఫిర్యాదు ఆ తీర్పు మీద కాదు, ఘోరం బయటపడిన వారంలో మన వ్యవస్థ ప్రవర్తించిన తీరు మీద. ముందుగా పాఠశాల గుర్తింపును రద్దు చేశారు. మా పిల్లల చదువులు ఏమి కావాలని తల్లిదండ్రులే మొరపెట్టుకున్న తరువాత మళ్ళీ తెరవనిచ్చారు. భద్రతా మార్గదర్శకాల కోసం కమిటీ వేశారు. టీవీలలో చర్చలు జరిగాయి. రెండేళ్ళ ముందే గెజిట్‌లో అచ్చయిన నియమం ఎన్ని పాఠశాలల్లో అమలవుతున్నదో లెక్క తీద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. కలరా వచ్చిన పేటలో ఒక ఇంటికి తాళం వేసి, నీటి పైపు జోలికి పోకుండా వెళ్ళిపోయినట్టున్నది.

నీటి ప్రస్తావన వచ్చింది గనుక మరొక మాట. మన నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉన్నది. తాగే నీటి నమూనాలను అక్కడ పరీక్షిస్తారు. ఒక పరీక్ష ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో వైద్యవృత్తిలో ఉన్నవారికి విద్యార్థి దశలోనే బోధిస్తారు. నమూనా తీసిన నాటి నీటి సంగతినే నివేదిక చెబుతుంది. మరుసటి వారం పైపు పగిలితే ఆ కాగితానికి విలువ లేదు. రక్తనిధిలో దాత రక్తాన్ని హెచ్ఐవీకి పరీక్షిస్తారు. వ్యాధి సోకినా పరీక్షకు చిక్కని తొలిరోజులు కొన్ని ఉంటాయి, వాటిని విండో పీరియడ్ అంటాము. అందుకే రక్తపరీక్ష ఒక్కదానితో ఊరుకోము. దాతను ప్రశ్నలు అడుగుతాము, అనుమానం ఉంటే రక్తం తీసుకోము. పరీక్ష పరిపూర్ణం కాదని పరీక్షను మానివేసిన రక్తనిధి లేదు. పరీక్ష ఉన్నది గదా అని ప్రశ్నలు మానివేసినదీ లేదు.

పోలీసు వెరిఫికేషన్ సరిగ్గా అటువంటి పరీక్షే. కేసు నమోదై ఉంటేనే అది పట్టుకుంటుంది. పిల్లలపై జరిగే అకృత్యాలలో అత్యధిక భాగం పోలీసు స్టేషను గడప తొక్కవు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనంలో 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపునకు గురయ్యామని చెప్పారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. బాధితులలో సగం కంటే ఎక్కువ మంది మగపిల్లలు. అబ్బాయి గదా, వాడికేమి భయం అనుకునే తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, పిల్లలు నమ్మవలసిన స్థానంలో ఉన్నవారో. వీరిలో ఎంతమందిపై కేసులు పడి ఉంటాయి? పడనివారందరికీ పోలీసుల నుండి మచ్చలేని ధ్రువపత్రమే వస్తుంది.

లైంగిక నేరస్థుల జాతీయ సమాచార నిధిని కేంద్ర హోంశాఖ 2018 సెప్టెంబరులో ప్రారంభించింది. నాలుగు లక్షలకు పైగా పేర్లతో మొదలైన ఆ జాబితాను చూడగలిగేది పోలీసు యంత్రాంగం మాత్రమే. పాఠశాల యాజమాన్యం చూడలేదు. అందరికీ తెరిచిపెట్టమని నేను అనను. శిక్ష ముగించుకొన్న మనిషి ఇంటి ముందు గుంపులు చేరడం నాకు సమ్మతం కాదు. కాని పాఠశాల ఒక పేరు పంపితే, పోలీసులు ఆ జాబితాతో సరిచూసి, నిర్దిష్టమైన గడువులో అవునో కాదో బదులివ్వడానికి ఏమి అడ్డం? ప్రస్తుతం జరుగుతున్న విచారణ చాలావరకు చిరునామా విచారణ. ఆ ఇంట్లో ఉంటున్నాడా, పక్కింటివాళ్ళు మంచివాడంటున్నారా, అంతే. బీదరు నుండో శ్రీకాకుళం నుండో వచ్చి రాంనగర్ గుండులో ఆరు నెలలుగా అద్దెకుంటున్న మనిషి గురించి పక్కింటివారికి ఏమి తెలుస్తుంది?

పేరు సరిచూడడంలో పొరపాటు జరిగితే ఏమవుతుందో ఇంగ్లండు నేర్చుకున్నది. 2002 ఆగస్టులో సోహమ్ అనే చిన్న ఊరిలో పదేళ్ళ బాలికలు ఇద్దరు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఇయన్ హంట్లీ, ఆ ఊరి ఉన్నత పాఠశాల సంరక్షకుడు. మరొక ప్రాంతంలో అతనిపై అంతకు ముందు అనేక లైంగిక ఆరోపణలు వచ్చాయి. ఏదీ శిక్ష దాకా పోలేదు. ఉద్యోగానికి వేరొక ఇంటిపేరుతో దరఖాస్తు చేశాడు; వెరిఫికేషన్ ఆ పేరుతోనే జరిగింది; ఏమీ దొరకలేదు. దానిపై వేసిన బిచర్డ్ విచారణ సంఘం 2004లో నివేదిక ఇచ్చింది. ఆ సంఘం పోలీసులను మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేదు. పాఠశాలలు మనుషులను ఎంపిక చేసుకునే పద్ధతినీ పరిశీలించింది. దాని ఫలితంగానే 2006లో చట్టం వచ్చింది. మన వద్ద నాంపల్లి తీర్పు తరువాత అటువంటి విచారణ సంఘం ఏదైనా మీ దృష్టికి వచ్చిందా?

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి కారణం పోలీసుల అలసత్వం కాదు, పెద్దమనుషుల మౌనం. ఒక పాఠశాలలో ఒకనిపై అనుమానం వస్తుంది. ఒక పాప తల్లి వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. యాజమాన్యం ఏమి చేస్తుంది? ఆ తల్లిని కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, అమ్మా, మీ పాప భవిష్యత్తు ఆలోచించండి, పదిమందికి తెలిస్తే పరువు పోయేది మీకే అంటుంది. ఆ మనిషిని పిలిచి, గుట్టుచప్పుడు కాకుండా రాజీనామా తీసుకొని, జీతం లెక్క కట్టి, కాండక్ట్ సర్టిఫికెట్టు చేతిలో పెట్టి సాగనంపుతుంది. అతడు ఎక్కడికి వెళ్తాడు? హిమాలయాలకు వెళ్ళడు. నాలుగు వీధుల అవతల మరొక పాఠశాలకు వెళ్తాడు. అక్కడి యాజమాన్యం ఆ సర్టిఫికెట్టు చూసి సంతోషిస్తుంది. ప్రభుత్వ సర్వీసులో దీనికి మరొక రూపం ఉన్నది: సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ, సాక్షులు విసిగిపోయేదాకా వాయిదాలు, చివరకు దూరపు మండలంలో పోస్టింగు. సర్వీసులో పనిచేసినవారెవరికీ ఈ వరుస కొత్త కాదు. దూరపు మండలంలోనూ పిల్లలే ఉంటారు. అక్కడి తల్లిదండ్రులకు నోరు ఇంకా తక్కువ.

దీనిని నేను మర్యాద అనను, నేరం అంటాను. మాటవరసకు కాదు, చట్టప్రకారమే. పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం ఇటువంటి నేరం జరిగినట్టు తెలిసిన ఎవరైనా, జరగబోతున్నదని భయపడిన ఎవరైనా, పోలీసులకు తెలియజేయాలి. 21వ సెక్షను ప్రకారం తెలియజేయనివారికి ఆరు నెలల దాకా జైలు. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు. అమెరికాలో కూడా ఈ సాగనంపే జబ్బు ముదిరింది. 2015 డిసెంబరులో చేసిన విద్యాచట్టంలో అక్కడి కాంగ్రెస్ ఒక ప్రత్యేక సెక్షను చేర్చింది. పిల్లలపై లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని తెలిసిన, లేదా నమ్మడానికి ఆధారమున్న ఉద్యోగికి మరొకచోట కొలువు దొరికేలా పాఠశాలలు సహాయపడకూడదని అది నిషేధిస్తున్నది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు మనుమలను అక్కడి ప్రభుత్వ పాఠశాలలో చేర్చితే ఈ రక్షణ ఉంటుంది. చిక్కడపల్లిలో ఉన్న మనుమలకు ఎందుకు ఉండకూడదు?

నా అభిప్రాయానికి అభ్యంతరాలు చెప్పే మిత్రులున్నారు. గురువును దైవమనుకునే దేశంలో గురువు పూర్వాపరాలు విచారించడం అవమానం అంటారు ఒకరు. వైద్యుడిని నారాయణునితో పోల్చిన దేశం కూడా ఇదే. అయినా మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను లేకుండా నన్ను ఎవరూ సూది పట్టనివ్వలేదు. నేనెన్నడూ దానిని అవమానమనుకోలేదు. మంచి ఉపాధ్యాయులు లక్షలలో ఉన్నారు. ఒక దుర్మార్గుడి వల్ల అందరూ అనుమానపు చూపులు భరించవలసి వస్తున్నది. సక్రమమైన విచారణ వల్ల మొదట మేలు కలిగేది వారికే.

రెండవ అభ్యంతరం గట్టిది, దానికి నేను తలవంచుతాను. విచారణ పేరుతో బీదవాళ్ళను, స్వీపరును, కండక్టరును వేధిస్తారని అంటారు. నిజమే. 2017 సెప్టెంబరు 8న గురుగ్రామ్‌లోని ర్యాన్ ఇంటర్నేషనల్ స్కూలులో ఏడేళ్ళ బాలుడు హత్యకు గురైతే, అదే రోజు పోలీసులు బస్సు కండక్టరును పట్టుకొని నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. దేశమంతా నమ్మింది. రెండు నెలల తరువాత సీబీఐ అదే పాఠశాలలో పదకొండవ తరగతి చదివే విద్యార్థిని అదుపులోకి తీసుకున్నది. కండక్టరును తరువాత కోర్టు కేసు నుండి తప్పించింది. ఆ హత్య జరిగిన కొద్దిరోజులకే సీబీఎస్ఈ సర్క్యులరు పంపింది: సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్, మానసిక పరీక్షలు, ముఖ్యంగా డ్రైవర్లకు, కండక్టర్లకు, ప్యూన్లకు. పిల్లలను వేధించే స్వభావాన్ని ముందుగా పట్టిచ్చే మానసిక పరీక్ష వైద్యశాస్త్రంలో నేటికీ లేదని ఒక వైద్యుడిగా చెబుతున్నాను. అటువంటి పరీక్ష అమ్మేవారికి డబ్బు వస్తుంది, పాఠశాలకు కాగితం వస్తుంది. ఇక ముఖ్యంగా ప్యూన్లకు అన్న మాట! ముఖ్యంగా ప్రిన్సిపాళ్ళకు, కరస్పాండెంట్లకు, వారి బావమరదులకు అని ఎందుకు రాయరు? విచారణ అంటూ ఉంటే అది యజమాని కుర్చీ నుండి మొదలు కావాలి. అప్పుడు స్వీపరుకు అవమానమనిపించదు.

సరైన నియామకానికి పెద్ద ఖర్చు ఏమీ లేదు. దరఖాస్తులో ఇంతకు ముందు పనిచేసిన ప్రతి చోటునూ తేదీలతో రాయించాలి. మధ్యలో ఖాళీ ఉంటే కారణం అడగాలి. పాత పేరు, మరొక ఇంటిపేరు, మరొక రాష్ట్రంలో నివాసం ఉన్నాయా అని అడగాలి. తరువాత, అభ్యర్థి ఇచ్చిన నంబరుకు కాక, ఆ పాత పాఠశాల కార్యాలయం నంబరు మనమే వెతికి ఫోను చేయాలి. మంచివాడేనా అని అడగకూడదు. ఆ ప్రశ్నకు ఈ దేశంలో ఎవరూ కాదని చెప్పరు. అతడు ఎందుకు మానేశాడు, పిల్లల విషయంలో అతనిపై ఎప్పుడైనా ఫిర్యాదు వచ్చిందా, ఇప్పుడు తిరిగి వస్తానంటే తీసుకుంటారా అని అడగాలి. అవతలి మనిషి ఒక్క క్షణం ఆగినా ఆ ఆగడమే సమాధానం. రోగి చరిత్ర అడిగేటప్పుడు మాకు ఉపయోగపడినదీ ఇదే. రోగి చెప్పినది సగం, చెప్పడానికి తటపటాయించినది సగం. ఈ సంభాషణను తేదీ వేసి రాసిపెట్టాలి. ఏజెన్సీ పంపిన మనిషికి కూడా ఇది వర్తించాలి. ఏజెన్సీ ఈ రోజు ఒకరిని, రేపు సెలవు పేరుతో మరొకరిని పంపితే, ఆ రెండవ మనిషిని గేటు దాటనివ్వకూడదు.

అంతటితో సరిపోదు. కాగితం శుభ్రంగా ఉన్న మనిషి కూడా తప్పు చేయగలడు గనుక అతనికి అవకాశం లేకుండా చేయాలి. కారు డ్రైవరుకు తరగతి గదుల వైపు పని లేదు. చిన్నపిల్లలను మరుగుదొడ్డికి తీసుకువెళ్ళే పని ఆడమనిషిదే కావాలి. ఒంటరిగా ఒక పెద్దమనిషి, ఒక పిల్ల, తలుపు వేసిన గది; ఈ మూడూ ఒకచోట కలవకూడదు, ట్యూషను పేరుతోనైనా, ఆటల పేరుతోనైనా.

హాస్టళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. మన నారాయణగూడ, హిమాయత్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతాలలో ఇంటర్మీడియట్ చదివే పిల్లల వసతిగృహాలు ఎన్నో. చట్టం దృష్టిలో 18 ఏళ్ళు నిండనివారందరూ బాలలే. పదహారేళ్ళ అమ్మాయిలుండే హాస్టలు కాపలా మనిషికీ, వంటమనిషికీ, వార్డెనుకూ ఈ నియమం వర్తిస్తుంది. నెలకు ఇంత అని వసూలు చేసే నిర్వాహకులలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

నా వృత్తిసోదరులకూ ఒక మాట. మహారాష్ట్రలో మన ఆసిఫాబాద్ జిల్లా సరిహద్దుకు దగ్గరలోనే రాజురా ఉన్నది. అక్కడి ఒక పాఠశాల హాస్టలులో గిరిజన బాలికలపై అత్యాచారాలు జరిగాయి. వారికి వైద్యం చేసిన డాక్టరు విషయం తెలిసీ పోలీసులకు చెప్పలేదన్న ఆరోపణపై కేసు పెట్టారు. హైకోర్టు ఆ కేసును కొట్టివేస్తే, 2022 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసి విచారణకు దారి తెరిచింది. చెప్పడం మన ఇష్టాయిష్టాలలో లేదు. సోమవారం ఉదయం మాత్రమే వచ్చే కడుపునొప్పి, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలు కావడం, కారణం తెలియకుండా పదే పదే వచ్చే మూత్రనాళ ఇన్ఫెక్షను, వ్యాను హారను వినగానే ఏడుపు, వీటికి వంద కారణాలు ఉండవచ్చు. ఆ వందలో ఒకటి ఇదీ అని గుర్తుపెట్టుకొని, పిల్లను తల్లి ఒడిలోనే కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా, మాటలు అందించకుండా అడగాలి. 1098కి ఫోను చేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ప్రైవేటు పాఠశాల గుర్తింపు దస్త్రంలో అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ ఉంటుంది, భవన పటుత్వ ధ్రువపత్రం ఉంటుంది, శానిటరీ సర్టిఫికెట్టు ఉంటుంది. సర్వీసులో ఉండగా అటువంటి శానిటరీ సర్టిఫికెట్ల కోసం నేనూ నీటి తొట్లు తెరిచి చూశాను, మరుగుదొడ్లు లెక్కపెట్టాను. ఆ మరుగుదొడ్ల దగ్గర నిలబడే మనిషి ఎవరని అడిగే గడి ఆ ఫారంలో లేదు. జిల్లా విద్యాశాఖాధికారి తలచుకుంటే ఆ గడి చేర్చడానికి ఒక పూట పని. సిబ్బంది పేర్లు, పోలీసు వెరిఫికేషన్ జరిగిన తేదీ, మళ్ళీ జరగవలసిన తేదీ, పాత యజమానితో మాట్లాడిన వారి సంతకం. అది లేనిదే గుర్తింపు పునరుద్ధరణ లేదనాలి.

అప్పటిదాకా మనం ఊరుకోనవసరం లేదు. ప్రైవేటు పాఠశాలలో చేర్చేటప్పుడు ఐఐటీ ఫౌండేషను ఉన్నదా అని అడిగే నోటితోనే ఈ ప్రశ్న కూడా అడగండి. ప్రభుత్వ పాఠశాల అయితే విద్యాహక్కు చట్టం కింద ఏర్పడిన యాజమాన్య కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉంటారు, సమావేశంలో లేవనెత్తండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో తెల్లకాగితం మీద ఇలా రాయండి: "మీ పాఠశాలలో ప్రస్తుతం పనిచేస్తున్న బోధన, బోధనేతర, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది మొత్తం ఎందరు? 2020 పోక్సో నియమాల ప్రకారం వారిలో ఎందరికి పోలీసు వెరిఫికేషన్ జరిగినది, ఏ తేదీన జరిగినది, మళ్ళీ ఎప్పుడు జరగవలసి ఉన్నది?" ముప్పై రోజులలో బదులు రావాలి. వచ్చిన బదులును నాకు పంపండి. పేర్లు తొలగించి, లెక్కలు ఇక్కడే ప్రచురిస్తాను.